నీటితొట్టెలో ‘నిరాశ’: కుంగుబాటు పరిశోధనలోని జంతుప్రయోగాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కుంగుబాటుకు మందులు వెతికే పరిశోధనలో ఎలుకలను నీటితొట్టెలో వదిలి, అవి ఎంతసేపు కదలకుండా ఉంటాయో లెక్కించే పరీక్ష దాదాపు అర్ధశతాబ్దంగా వాడుకలో ఉంది. ఆ కదలికలేమిని ‘నిరాశ’గా వ్యాఖ్యానించారు. ఈ ప్రయోగం ధర్మసమ్మతమా, ప్రయోజనకరమా అన్న రెండు ప్రశ్నలూ ఆ పేరు దగ్గరే ముడిపడి ఉన్నాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అనుభావం నుండి భావాన్ని నిర్ణయించడంపై ఆలంకారికులు చేసిన చర్చను, ప్రత్యేకించి తిర్యక్కుల విషయంలో విద్యాధరుడికీ సింగభూపాలుడికీ ఉన్న అభిప్రాయభేదాన్ని, ఈ పరిశీలనకు ఆధారంగా గ్రహించాను.

కీలకపదాలు: కుంగుబాటు, జంతుప్రయోగం, నిర్బంధ ఈత పరీక్ష, అనుభావం, స్తంభం, రసాభాస, సింగభూపాలుడు.

1. ఒక మాటకు తెలుగు

ఫార్మసీ కళాశాలలో బోధించే మిత్రుడొకరు, తన విద్యార్థులు ఒక మొక్క ఆకుల రసంపై చేసిన పనిని సాధారణ పాఠకులకు వివరిస్తూ తెలుగులో వ్యాసం రాస్తున్నారు. ‘బిహేవియరల్ డిస్పెయిర్’ అన్న మాటకు తెలుగు చెప్పమని అడిగారు. ‘ప్రవర్తనలో వ్యక్తమయ్యే నిరాశ’ అన్నాను. ఎవరి నిరాశ అని మాటవరసకు అడిగితే, ఎలుకది అన్నారు. ఆ తర్వాత నా అనువాదం నాకే నచ్చలేదు. లోపం తెలుగుమాటలో కాక మూలంలోని మాటలోనే ఉందేమోనన్న అనుమానంతో, దాని వెనుక ఉన్న పరీక్షను గురించి చదవడం మొదలుపెట్టాను.

ఔషధశాస్త్రంలో నాకు అధికారం లేదు. అయితే ఒక శరీరచేష్టను చూసి దాని వెనుక ఫలానా భావం ఉందని ఎలా నిర్ణయిస్తాం, ఆ నిర్ణయం ఎప్పుడు చెల్లుతుంది అన్న ప్రశ్న సాహిత్యశాస్త్రానికి కొత్తది కాదు. రసచర్చలో చాలాభాగం దాని చుట్టూనే నడిచింది. ఆ మేరకు ఈ విషయంలో తెలుగు చదువుకున్నవారికీ చెప్పవలసింది ఉందని భావిస్తున్నాను.

2. తొట్టె, గడియారం, పేరు

1977లో ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న రోజర్ పోర్సోల్ట్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పత్రం ప్రచురించారు. అందులో వివరించిన పరీక్షే నేడు నిర్బంధ ఈత పరీక్షగా ప్రసిద్ధం. నిలువైన గాజుపాత్రలో నీళ్లు పోసి ఎలుకను వదులుతారు. గోడలకు పట్టు దొరకదు, బయటపడే దారి ఉండదు. ఎలుక మొదట ఈదుతుంది, గోడలను గీరుతుంది, ఒక్కొక్కసారి మునిగి అడుగు వెతుకుతుంది. కొంతసేపటికి ఆ యత్నాలు తగ్గుతాయి. ముక్కు నీటిపైన నిలిచేందుకు కావలసినంత మాత్రమే కదులుతూ తేలుతుంది. పెద్ద ఎలుకలనైతే మొదటిరోజు 15 నిమిషాలు, మర్నాడు 5 నిమిషాలు నీటిలో ఉంచుతారు. చిట్టెలుకలకు ఒకే విడత 6 నిమిషాలు. అందులో చివరి 4 నిమిషాలే లెక్కకు వస్తాయి. పరీక్షించదలచిన మందును ముందుగా ఇస్తారు. కదలకుండా తేలిన సమయం తగ్గితే ఆ మందుకు కుంగుబాటును పోగొట్టే గుణం ఉండవచ్చునని భావిస్తారు. 1985 నుండి దీనికి తోడుగా మరొక పరీక్ష వచ్చింది. అందులో నీళ్లు ఉండవు. చిట్టెలుకను తోకకు పట్టీ అంటించి 6 నిమిషాలు తలకిందులుగా వేలాడదీస్తారు.

గడియారం కొలిచేది కదలకుండా ఉన్న సెకన్లను. ఆ సెకన్లకు పోర్సోల్ట్ బృందం ఇచ్చిన అర్థం వేరు. తప్పించుకోవడం సాధ్యం కాదని ఎలుక నేర్చుకున్నదనీ, ఆ స్థితికి లొంగిపోయిందనీ వారు వ్యాఖ్యానించారు. ఈ వ్యాఖ్యానానికి ముందే ఒక సంప్రదాయం ఉంది. 1957లో కర్ట్ రిక్టర్ అడవి ఎలుకలను నీటిలో వదిలి, అవి కొద్ది నిమిషాల్లోనే చనిపోవడాన్ని ఆశ కోల్పోవడంగా వివరించాడు. మధ్యలో కొన్నిసార్లు పైకి తీసి వదిలిన ఎలుకలు ఆ తర్వాత ఎంతోసేపు ఈదాయి. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ కుక్కలకు తప్పించుకోలేని విద్యుదాఘాతాలు ఇచ్చారు. ఆ తర్వాత తప్పించుకునే వీలున్నచోట కూడా వాటిలో చాలావరకు కదలకుండా ఉండటం చూసి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. నిరాశ, నిస్సహాయత, లొంగిపోవడం. ఈ మాటలన్నీ మనుషులు తమ గురించి చెప్పుకునేవే.

మన పత్రికాభాషలో ‘డిప్రెషన్’కు స్థిరపడిన మాట ‘కుంగుబాటు’. నేల కుంగుతుంది, పొద్దు కుంగుతుంది, మనిషి కుంగిపోతాడు. కిందికి దిగిపోవడమే ఆ ధాతువు అర్థం. ఈ తొట్టెలో కుంగుబాటుకు గుర్తుగా చెబుతున్నది తేలుతున్న ఎలుకను. ఇది కేవలం మాటల వింత అని నేనూ మొదట అనుకున్నాను.

3. స్తంభం నుండి విషాదానికి

నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాలలో మొదటిది స్తంభం, అంటే శరీరం నిశ్చేష్టమైపోవడం. భరతుడు దానికి ఒకే కారణం చెప్పలేదు. హర్షం, భయం, విస్మయం, విషాదం, రోషం, వీటిలో దేనివల్లనైనా స్తంభం కలగవచ్చు. కొయ్యబారి నిలబడిన పాత్రను చూసినంత మాత్రాన అది విషాదంలో ఉందని చెప్పడానికి వీలు లేదు. మమ్మటుడు దీన్ని మరింత స్పష్టం చేశాడు. కన్నీరు శృంగారంలో ఉంటుంది, కరుణంలో ఉంటుంది, భయానకంలోనూ ఉంటుంది. విభావం ఒక్కటే, అనుభావం ఒక్కటే, వ్యభిచారిభావం ఒక్కటే రసాన్ని నిర్ణయించలేవు. అవి అనైకాంతికాలు. మూడూ కలిసినప్పుడే నిర్ణయం.

నిర్బంధ ఈత పరీక్ష చేసింది సరిగ్గా దీనికి విరుద్ధం. ఒక్క అనుభావాన్ని తీసుకుని, అనేక భావాలకు చెందగల స్తంభాన్ని విషాదానికే కట్టివేసింది. శాస్త్రజ్ఞులలోనే ఈ సందేహం తొందరగా పుట్టింది. ఈ పరీక్ష కొలిచేది నిరాశనేనా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి, నిరాశ అన్న మాటకు ఉద్ధరణ చిహ్నాలు తగిలించి, 1986లో ఒక పత్రం వచ్చింది. ఒక్క విరామచిహ్నంలో ఇమిడిన మంచి సాహిత్యవిమర్శ అది. 2015లో నెదర్లాండ్స్‌కు చెందిన మోలెండైక్, డి క్లోట్ దీనికి భిన్నమైన వివరణను బలంగా ముందుకు తెచ్చారు. దారి లేదని తెలిసిన తర్వాత కొట్టుకోవడం మాని తేలడం, బలాన్ని మిగుల్చుకోవడం ఎలుక నేర్చుకున్న అనుకూలనమే తప్ప వ్యాధి కాదన్నారు. ఏటికి ఎదురీదలేనప్పుడు వెల్లకిలా తేలమని ఈత నేర్పే పెద్దలు మన పిల్లలకూ చెబుతారు. అలా తేలిన పిల్లవాడిని నిరాశలో ఉన్నాడని ఎవరూ అనరు.

సెలిగ్‌మన్, మయర్‌ల సిద్ధాంతానికి పట్టిన గతి ఇంకా ఆసక్తికరం. ఆ సిద్ధాంతానికి యాభై ఏళ్లు నిండుతున్న వేళ, 2016లో వారిద్దరే కలిసి దాన్ని తిరగరాశారు. దీర్ఘమైన బాధకు చేష్టలుడగడం జంతువు నేర్చుకున్నది కాదు, అది సహజప్రతిక్రియ. నేర్చుకునేది మరొకటి: పరిస్థితి తన అదుపులో ఉందని. ఆ గుర్తింపు మెదడు ముందుభాగంలో జరిగి, కిందిభాగంలోని సెరటోనిన్ కణాలను అణచిపెడుతుందని ఎలుకల మెదళ్లపై మయర్ చేసిన పరిశోధన చూపింది. ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్న రెండు మాటల్లో మొదటి మాట తప్పని, పేరు పెట్టినవారే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. కాని ఈలోగా ఆ పేరు పాఠ్యపుస్తకాల్లోకి, వ్యక్తిత్వవికాస ప్రసంగాల్లోకి వెళ్లిపోయింది. సవరణ అంత దూరం వెళ్లలేదు.

4. దేనికి పనికివచ్చింది?

భావం సంగతి ఎలా ఉన్నా పరీక్ష పనిచేస్తే చాలు కదా అన్నది దీన్ని సమర్థించేవారి వాదాలలో బలమైనది. ఎలుక మనసుతో నిమిత్తం లేదు, మందును పట్టిస్తే సరి. ఈ వాదాన్ని తేలిగ్గా తీసివేయలేం. కుంగుబాటు మనుషుల ప్రాణాలు తీసే వ్యాధి. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం స్టార్-డి, మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు సుమారు మూడోవంతు మందేనని 2006లో తేల్చింది. మిగిలినవారి కోసం కొత్త మందులు కావాలి.

అయితే చరిత్ర ఏం చెబుతోంది? కుంగుబాటుకు తొలి మందులు జంతువుల తొట్టెల నుండి రాలేదు. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇచ్చిన ఇప్రోనియజిడ్ వారిలో అనుకోని ఉత్సాహాన్ని కలిగించడాన్ని వైద్యులు గమనించారు. స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కున్ మరొక మానసికవ్యాధి కోసం వచ్చిన మందును కుంగిన రోగులకు ఇచ్చి, వారిని రోజుల తరబడి పలకరించి, వారి మాటలు విని, దాని గుణాన్ని 1957లో ప్రకటించాడు. అదే ఇమిప్రమిన్. దశాబ్దాల తర్వాత 2000లో కెటమిన్ గుణం బయటపడిందీ రోగులపై చేసిన చిన్న అధ్యయనంలోనే.

పోర్సోల్ట్ పరీక్షకు నమ్మకం ఎలా వచ్చిందో ఇప్పుడు చూడాలి. ఇమిప్రమిన్ వంటి తెలిసిన మందులను అది పట్టించింది కాబట్టి. అంటే తెలిసిన మందులను పోలినవాటిని వెతకడానికి అది సరిపోతుంది. కొత్త మార్గంలో పనిచేసేదాన్ని పట్టిస్తుందన్న హామీ లేదు. ప్రోజాక్ వర్గానికి చెందిన మందులనే అది మొదట సరిగా పట్టించలేకపోయింది. 1995లో ఈదడాన్నీ గోడ ఎక్కబోవడాన్నీ విడివిడిగా లెక్కించే మార్పు చేశాకే ఆ కొరత కొంత తీరింది. మరోవైపు, ఎలుకను చురుకుగా తిరిగేలా చేసే ఉత్ప్రేరకాలు కుంగుబాటు మందులు కాకపోయినా కదలికలేమిని తగ్గిస్తాయి. అన్నిటికంటే పెద్ద తేడా కాలానిది. ఎలుకలో మందు గంటల్లో ఫలితం చూపుతుంది. మనిషికి వారాలు పడుతుంది. వైద్యులు కుంగుబాటును నిర్ధారించడానికి కనీసం రెండు వారాలు లక్షణాలు ఉండాలంటారు. ఆ లక్షణాలలో తాను పనికిరానన్న భావన, అపరాధభావం, చావు గురించిన ఆలోచన ఉన్నాయి. అవి మాటల్లో, కథనంలో తప్ప బయటపడవు. రెండు వారాల కథకు ఆరు నిమిషాల తొట్టె ప్రతినిధి కాలేదు.

జంతువుల్లో ఆశ కల్పించి మనుషుల్లో విఫలమైనవీ ఉన్నాయి. మెదడులో ‘సబ్‌స్టన్స్ పి’ అనే పదార్థాన్ని అడ్డుకునే మందు గురించి 1998లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన ఫలితాలు గొప్ప సంచలనం. తల్లి నుండి వేరుచేసిన గినీపంది పిల్లల అరుపులను అది తగ్గించింది. మొదటి క్లినికల్ పరీక్షలోనూ నెగ్గింది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు. ఆ మందు అప్రెపిటెంట్ నేడు క్యాన్సర్ చికిత్సలో వాంతులను అరికట్టడానికి వాడుకలో ఉంది. వృథా కాలేదు గాని, అది వచ్చిన దారి వేరు, చేరిన ఊరు వేరు.

జంతువులతో చేసే ప్రతి పనినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పాల్ విల్నర్ 1980లలో రూపొందించిన పద్ధతి వారాల తరబడి చిన్న చిన్న ఇబ్బందులు కలిగించి, తీపినీటి పట్ల ఎలుకకున్న ఇష్టం తగ్గుతుందేమో చూస్తుంది. ఇందులో బాధ మరింత దీర్ఘం. కాని కాలం, సుఖం పట్ల విముఖత, మందుకు నెమ్మదిగా స్పందించడం, ఈ మూడూ వ్యాధికి దగ్గరగా ఉన్నాయి. విభావ, అనుభావ, సంచారులను కలిపి చూడాలన్న మమ్మటుడి నియమానికి ఇది కాస్త చేరువ. ప్రయోజనం పెరిగినచోట బాధా పెరిగిందన్న చిక్కును మాత్రం దాచలేం.

5. రాచకొండలో జరిగిన చర్చ

ఎలుకకు నిరాశ ఉందా లేదా అన్న ప్రశ్నను మన ఆలంకారికులు మరో రూపంలో అడిగారు. తిర్యక్కులకు, అంటే పశుపక్ష్యాదులకు, రసం చెప్పవచ్చునా? ‘ఏకావళి’ కర్త విద్యాధరుడు చెప్పవచ్చునన్నాడు. రసానికి కావలసింది విభావాదులు ఉండటమే గాని, అవి విభావాలన్న జ్ఞానం ఆ ప్రాణికి ఉండటం కాదని అతని వాదం. (ఈ ‘ఏకావళి’కి ‘తరళ’ వ్యాఖ్య రాసినవాడు మన మల్లినాథసూరి.) పద్నాలుగో శతాబ్దంలో రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’లో దీన్ని తిరస్కరించాడు. ఆడఏనుగు మగఏనుగు అనురాగానికి కారణం అవుతుంది, విభావం కాదు. విభావాదుల జ్ఞానమంటే ఔచిత్యవివేకం. అది లేని తిర్యక్కుల విషయంలో కలిగేది రసం కాదు, రసాభాస.

ఈ చర్చ శృంగారానికి సంబంధించినది. అయినా కారణానికీ విభావానికీ సింగభూపాలుడు గీసిన గీత మన ప్రశ్నకు చాలా ఉపయోగపడుతుంది. తొట్టెలోని నీరు ఎలుక చేష్టకు కారణం. అందులో సందేహం లేదు. దారి లేకపోవడం అన్నది ఒక అర్థంగా, నిరాశకు విభావంగా, ఎలుకకు అందుతున్నదని చెప్పడానికి ఆధారం లేదు. పోర్సోల్ట్ బృందం కారణాన్ని విభావంగా చదివింది.

అయితే సింగభూపాలుడిని ఇక్కడ పూర్తిగా నమ్ముకోవడమూ ప్రమాదమే. శృంగారాభాసను విభజించినప్పుడు అతడు తిర్యక్కుల పక్కనే మ్లేచ్ఛులను కూర్చోబెట్టాడు. ఎవరి అనుభూతి నిజమైనదో, ఎవరిది ఆభాసమో తేల్చే అధికారం తన చేతిలో ఉన్నవాడు ఆ గీతను తనకు దూరంగా ఉన్న మనుషుల వరకూ జరపగలడు. ప్రయోగశాల చరిత్రలోనూ గీత అలాగే కదిలింది. జంతువు మనిషిని పోలి ఉంటుందంటేనే ప్రయోగానికి అర్థం. మనిషి కాదంటేనే ప్రయోగానికి అనుమతి.

మరో సంగతి. రసాన్ని కాదన్నవాడు బాధను కాదనలేదు. ఏనుగుకు అనురాగం లేదని సింగభూపాలుడు అనలేదు. అది రసస్థాయికి చేరదని మాత్రమే అన్నాడు. జంతుప్రయోగాల చర్చలో ఈ తేడా తరచు మరుగునపడుతుంది. ఎలుకకు నిరాశ ఉందని ఒకరు, లేదు కాబట్టి ఇబ్బంది లేదని మరొకరు. నీటిలో వదిలిన ఎలుక రక్తంలో ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. ప్రాణభయంతో అది గోడలు గీరుతుంది. ఆ భయానికి మనం పెట్టిన పేరు తప్పయినా భయం తప్పు కాదు. కనుక ఈ పరీక్షలో జరిగేది ఇదీ: పడే బాధ నిజమైనది, దానికి మనం చెప్పుకుంటున్న అర్థం నిజం కాదు. ధర్మమూ ప్రయోజనమూ త్రాసులో చెరో పళ్లెంలో ఉన్నాయని, ఒకటి పెరిగితే మరొకటి తేలిపోతుందని సాధారణంగా అంటారు. ఇక్కడ రెండు పళ్లేలూ ఒకే మాటకు వేలాడుతున్నాయి. ‘నిరాశ’ నిజమైతే, మనిషి పట్ల చేయకూడదనుకునే పనిని ఎలుక పట్ల చేస్తున్నాం. అబద్ధమైతే, కుంగుబాటు గురించి ఏమీ చెప్పని పనికోసం దాన్ని భయపెడుతున్నాం.

6. హార్లో పెట్టిన పేర్లు

పేర్లు మార్చేస్తే సరిపోతుందా? ‘నిరాశ’ తీసివేసి ‘నిశ్చలతాకాలం’ అనవచ్చు. ఇటీవలి పత్రాల్లో చాలామంది అలాగే రాస్తున్నారు. ఇక్కడ హారీ హార్లో గుర్తుకు వస్తాడు. విస్కాన్సిన్‌లో కోతిపిల్లలను తల్లులకు దూరం చేసి, తర్వాత ఒంటరిగా, ఏటవాలు లోహపు గోడల గుంటలో వారాల తరబడి ఉంచినవాడు. ఆ పరికరానికి ‘నిరాశాకూపం’ అని పేరు పెట్టాడు. మెత్తని సాంకేతికనామం వాడమని సహచరులు సూచించినా వినలేదు. ఆయనే కుంగుబాటుకు చికిత్స పొందిన రోగి కూడా. ఆ ప్రయోగాలు నాకు అసహ్యం. వాటిని సమర్థించే ఒక్క వాక్యమూ రాయలేను. కాని పేరు విషయంలో హార్లో చేసింది వంచన కాదు. చేస్తున్నది ఏమిటో పాఠకుడికి కనబడనిచ్చాడు. ఆ ప్రయోగాలపై తర్వాత వచ్చిన నిరసనకు ఆ పేరూ ఒక కారణం. ‘నిశ్చలతాకాలం’ శాస్త్రీయంగా నిర్దుష్టం. అయితే అందులో ఎలుకా లేదు, నీళ్లూ లేవు.

7. మన దగ్గర

కొన్ని దేశాలు నిర్ణయాలు తీసుకున్నాయి. ఈ పరీక్షను క్రమంగా తొలగించడమే లక్ష్యమని బ్రిటన్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం చట్టం ద్వారా నిషేధించింది. మనకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. వీలున్న ప్రతిచోటా ప్రయోగాలను మానుకోవాలని దాని 17వ సెక్షన్ చెబుతుంది. ప్రయోగాలపై పర్యవేక్షణకు కేంద్ర కమిటీ, సంస్థల స్థాయిలో నైతికసంఘాలు ఉన్నాయి. జంతువుల బదులు ఇతర పద్ధతులతో మందులను పరీక్షించే వీలును 2023లో ఔషధనియమాల సవరణ కల్పించింది.

మన ఫార్మసీ కళాశాలల్లో మాత్రం ఏదో ఒక మొక్క రసం తీసుకుని, ఈ రెండు పరీక్షలు చేసి, ఇమిప్రమిన్‌తోనో ఫ్లూయాక్సెటిన్‌తోనో పోల్చి, కుంగుబాటును తగ్గించే గుణం ఉందని తేల్చే సిద్ధాంతవ్యాసాలు ఇప్పటికీ పరిపాటి. ముందుగా ఆగవలసింది ఇదేనని నా అభిప్రాయం. మయర్ వంటివారు మెదడు నిర్మాణాన్ని గురించి అడిగిన ప్రశ్నలకు వేరే సమర్థన ఉండవచ్చు. దాన్ని వేరుగా విచారించాలి. డిగ్రీ కోసం, ఫలితం ముందే ఊహించగలిగిన పరీక్షలో, తర్వాత ఎవరూ మందుగా మార్చబోని రసానికి ఎలుకలను ముంచడానికి నాకు ఏ సమర్థనా కనబడలేదు. విద్యార్థులను తప్పుపట్టడం న్యాయం కాదు. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో, లెక్కించదగిన ఫలితం ఇచ్చే పరీక్ష ఇది. గడువులోగా పట్టా తీసుకోవలసినవారికి వ్యవస్థ చూపిన దారి. తెలుగుశాఖల్లోనూ ఇటువంటి దారులు లేవని అనలేను. మన దగ్గర వాటివల్ల ఏ ప్రాణీ మునగదు, అంతే తేడా.

మిత్రుడికి చివరికి తెలుగుమాట ఇవ్వలేదు. ఆ మాట ఉన్నచోట ఈ వాక్యం పెట్టమన్నాను: ‘బయటపడే దారిలేని నీటితొట్టెలో వదిలిన ఎలుకలు ఎంతసేపు కదలకుండా తేలాయో లెక్కించాం.’ చదివి, ఇలా రాస్తే పాఠకులు ఎందుకు చేశారని అడుగుతారు కదా అన్నారు. అవునన్నాను. ఆ వ్యాసాన్ని ఆయన ఇంకా పత్రికకు పంపలేదు.